డిక్షనరీ మొదటి పేజీలోని మాస్టారు

మన లైబ్రరీ రిఫరెన్స్ బీరువాలో లావుపాటి ఇంగ్లీషు డిక్షనరీ ఒకటుంది. అట్ట ఊడిపోతే టేపు వేసి అతికించారు. అందరం దాన్ని ఆక్స్‌ఫర్డ్ అంటాం. మాటకి అర్థం కావాలంటే తీస్తాం, చూస్తాం, మూసేస్తాం. మొదటి పేజీలో ఎ. ఎస్. హార్న్‌బీ అని ఒక పేరుంటుంది. పోయిన సంవత్సరం దాకా నేను ఆ పేరు చూడనే లేదు. చూసేలా చేసిన సంగతి ముందు చెప్పేస్తాను.

ఫస్టియర్‌లో ఒక సెమినార్‌లో పేపర్ చదువుతూ 'మేడమ్ సజెస్టెడ్ మి టు రీడ్ దిస్ నావెల్' అన్నాను. వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత తప్పేమిటని అడిగితే, సజెస్ట్ తర్వాత అలా రాదు అన్నారు. ఎందుకు రాదు? 'అడ్వైజ్డ్ మి టు రీడ్' అంటే తప్పు కాదు కదా? సలహా ఇవ్వడం, సూచించడం ఇంచుమించు ఒకటే కదా? దానికి మాత్రం ఎవరూ జవాబు చెప్పలేదు. అలవాటు మీద వస్తుందిలే అన్నారు. అలవాటు లేనివాళ్ళ గతేమిటి?

ఆ సాయంత్రం డిక్షనరీ తీసి సజెస్ట్ అనే మాట చూశాను. అర్థం ఒక్కటే కాదు, దాని వెనక ఏ రకం మాటలు రావచ్చో కూడా వరసగా రాసి ఉంది. నేనన్న పద్ధతి ఆ వరసలో లేదు. నాలాంటి పిల్ల ఎక్కడ తడబడుతుందో ముందే తెలిసిన మనిషెవరో ఆ పేజీ వెనక ఉన్నారనిపించింది. అలా ఈ జీవితం నాకు దొరికింది.

సాహిత్యం చెప్పడానికి వెళ్ళిన మనిషి

ఆల్బర్ట్ సిడ్నీ హార్న్‌బీ 1898 ఆగస్టు 10న ఇంగ్లండ్‌లోని చెస్టర్‌లో పుట్టారు. లండన్‌లో యూనివర్సిటీ కాలేజీలో ఇంగ్లీషు చదువుకున్నారు. మనలాగే ఆర్ట్స్ స్టూడెంటన్న మాట. 1924లో జపాన్‌లో ఉద్యోగం వచ్చింది. దక్షిణాన క్యూషూ అనే దీవిలో ఓయితా అనే ఊళ్ళో ఒక కామర్స్ కాలేజీలో ఇంగ్లీషు సాహిత్యం చెప్పాలి. అప్పటికాయనకి పాతికేళ్ళు దాటాయంతే.

ఆయన వెళ్ళింది సాహిత్యం చెప్పడానికి. ఎదురుగా కూర్చున్నది వ్యాపారం చదువుకునే పిల్లలు. ఆ రోజుల్లో జపాన్‌లో ఇంగ్లీషు చదువంటే ఎక్కువగా పుస్తకంలో వాక్యాన్ని మాట మాటకీ తమ భాషలోకి మార్చుకోవడమే. అర్థం చెప్పమంటే చెప్తారు. సొంతంగా ఒక వాక్యం అనమంటే ఆగిపోతారు. వాళ్ళకి ముందు కావలసింది కవిత్వం కాదు, భాష అని హార్న్‌బీకి అర్థమైంది. ఇది అర్థం కావడం పెద్ద విషయం కాదనిపించవచ్చు. కానీ సాహిత్యం చదివి వచ్చిన మాస్టారు తనకిష్టమైన పాఠం పక్కన పెట్టి, పిల్లలకి అవసరమైన పాఠం వెతుక్కోవడం అంత సులువేం కాదు. ఆయన మిగిలిన జీవితమంతా ఆ వెతుకులాటే.

అప్పటికి టోక్యోలో హెరాల్డ్ పామర్ అనే ఇంకొక ఇంగ్లీషాయన ఉన్నారు. 1922లో జపాన్ విద్యాశాఖకి సలహాదారుగా వచ్చి, 1923లో ఇంగ్లీషు బోధన గురించి పరిశోధన చేసే సంస్థ ఒకటి మొదలుపెట్టారు. పిల్లలకి ముందుగా ఏ మాటలు నేర్పాలి, ఏ వాక్యాలు నేర్పాలి అన్నది లెక్కగా తేల్చాలని ఆయన పట్టుదల. దూరాన ఓయితాలో ఉన్న హార్న్‌బీ ఈ పని మీద ఆసక్తి పడ్డారు. 1930ల మొదట్లో పామర్ ఆయన్ని పదజాలం పనిలోకి తీసుకున్నారు. 1936లో పామర్ ఇంగ్లండ్ వెళ్ళిపోయాక ఆ పరిశోధన భారం హార్న్‌బీ మీద పడింది. సంస్థ పత్రికకి సంపాదకత్వం కూడా ఆయనదే అయింది.

అసలు చిక్కు ఎక్కడుంది

ఇక్కడ కొంచెం ఆగి ఆ పని ఏమిటో చెప్పాలి. చెప్పకపోతే ఆయన చేసిందేమిటో తెలియదు.

మన వ్యాకరణంలో తుమున్నర్థకం అని చదువుకున్నాం. చేయగలను, చేయలేను, చేయవచ్చు, చేయకూడదు, చేయనివ్వు, చేయబోతున్నాను. వీటన్నిటిలోనూ ముందున్న 'చేయ' అదే. వెనక ఏ క్రియ వచ్చినా అది మారదు. ఇంగ్లీషులో దీనికి జోడు 'టు డూ' లేదా ఉత్త 'డూ'. చిక్కంతా ఎప్పుడు 'టు' ఉంటుంది, ఎప్పుడు ఉండదు, ఎప్పుడు రెండూ కాక 'డూయింగ్' అవుతుంది అన్న దగ్గరే. అది ముందున్న క్రియ ఇష్టం.

వాంట్ అంటే 'వాంట్ టు గో'. ఎంజాయ్ అంటే 'ఎంజాయ్ గోయింగ్'. 'ఎంజాయ్ టు గో' అనకూడదు. వాంట్ మధ్యలో మనిషిని రానిస్తుంది: 'ఐ వాంట్ హిమ్ టు గో'. హోప్ రానివ్వదు: 'ఐ హోప్ టు గో' సరే, 'ఐ హోప్ హిమ్ టు గో' తప్పు. లెట్, మేక్ అయితే మనిషిని రానిస్తాయి కానీ 'టు'ని రానివ్వవు: 'లెట్ మి గో', 'షి మేడ్ మి క్రై'. అదే మేక్‌ని కర్మణిలోకి తిప్పితే పోయిన 'టు' మళ్ళీ వస్తుంది: 'ఐ వాజ్ మేడ్ టు క్రై'. హెల్ప్‌కి మాత్రం 'టు' ఉన్నా సరే, లేకపోయినా సరే.

కొన్నిచోట్ల రూపం మారితే అర్థమే మారిపోతుంది. 'హి స్టాప్డ్ టాకింగ్' అంటే మాటలు ఆపేశాడు. 'హి స్టాప్డ్ టు టాక్' అంటే మాట్లాడటానికి ఆగాడు. ఒకడు నోరు మూశాడు, ఇంకొకడు నోరు తెరిచాడు. కొన్నిచోట్ల రూపం ఒకటే ఉండి మనుషులు మారతారు. 'షి పర్స్యుయేడెడ్ మి టు కమ్' అంటే వచ్చేది నేను. 'షి ప్రామిస్డ్ మి టు కమ్' అంటే వచ్చేది తను. మాటల వరసలో తేడా ఏమీ లేదు.

మరి మనం ఎక్కడ పడతాం? తెలుగులో చదవమని చెప్పారు, చదవమని బతిమాలారు, చదవమని సలహా ఇచ్చారు, చదవమని సూచించారు. నాలుగింటికీ 'చదవమని' ఒక్కటే సరిపోతుంది. అందుకే టోల్డ్, బెగ్డ్, అడ్వైజ్డ్ వెనక 'మి టు రీడ్' పెట్టిన నోటితోనే సజెస్టెడ్ వెనక కూడా పెట్టేస్తాం. నా సెమినార్ తప్పు అలా వచ్చింది. అది బుద్ధిలేక చేసిన తప్పు కాదు, తెలుగు బుద్ధితో చేసిన తప్పు. 'మేడ్ మి టు క్రై' అనడం ఇంకో రకం. మనకి 'ఏడిపించింది' అంటే ప్రేరణ క్రియలోనే ఇమిడిపోతుంది, రెండో క్రియే ఉండదు. కాబట్టి ఇంగ్లీషులో రెండు క్రియలు ఎదురవగానే మధ్యలో 'టు' పెడితే గట్టిగా ఉంటుందనుకుంటాం.

ఇంగ్లీషు పుట్టుభాష అయినవాళ్ళకి ఇవేవీ తెలియవు. తెలియవంటే, చెప్పలేరు. మనకి 'చేయన్ లేను' అని విడదీయడం క్లాసులో చెప్పేదాకా తెలియనట్టే. వాళ్ళ డిక్షనరీలు వాళ్ళ కోసం రాసుకున్నవి. కష్టమైన మాటలకి అర్థాలుంటాయి, మాట పుట్టుక ఉంటుంది. క్రియ పక్కన అయితే సకర్మకం, లేకపోతే అకర్మకం అని ఒక గుర్తుంటుంది. వాంట్, హోప్, లెట్ లాంటి మాటలు వాళ్ళకి తేలిక. పరాయివాళ్ళకి నిజంగా కష్టమైనవి ఆ తేలిక మాటలే.

ఇరవై ఐదు నమూనాలు

పామర్ ఈ క్రియల నడకని నమూనాలుగా విడదీయడం మొదలుపెట్టారు. 1938లో ఆయన వేసిన పుస్తకంలో సుమారు వెయ్యి మాటలకి ఆ పని చేశారు. హార్న్‌బీ దాన్ని పూర్తి డిక్షనరీకి పట్టించాలనుకున్నారు. ఆయనకి తోడుగా జపాన్‌లోనే ఇంగ్లీషు చెప్తున్న గేటెన్‌బీ, వేక్‌ఫీల్డ్ అనే ఇద్దరు మాస్టార్లు చేరారు. కంప్యూటర్లు లేవు. ఉన్నది పాఠం చెప్పిన అనుభవం, పిల్లలు రాసిన తప్పులు, చదివిన పుస్తకాలు. ఒక్కో క్రియనీ తీసుకుని, అది ఎవరి పక్కన నిలబడుతుంది, ఎవరిని దూరం పెడుతుంది అని చూడాలి.

చివరికి ఇంగ్లీషు క్రియలన్నిటినీ 25 నమూనాల్లోకి సర్దారు. వెనక 'టు'తో క్రియ వచ్చేది ఒక నమూనా. మధ్యలో మనిషి, తర్వాత 'టు' వచ్చేది ఇంకొకటి. మనిషి ఉండి 'టు' లేనిది వేరొకటి. డిక్షనరీలో ప్రతి క్రియ పక్కనా దాని నమూనా నంబర్లు వేశారు. నంబరు ఉంటే ఆ వాక్యం అనొచ్చు, లేకపోతే అనకూడదు. పక్కనే ఉదాహరణ వాక్యం. నామవాచకాలకి కూడా, లెక్కపెట్టగలిగేవా కావా అని గుర్తు పెట్టారు. మాటల పుట్టుక గురించి రాయలేదు. ఒక మాట ఏ పాత భాష నుంచి వచ్చిందో తెలిసినా ఓయితా పిల్లవాడు వాక్యం కట్టలేడు కదా.

ఇందులో నాకు బాగా నచ్చింది ఒకటుంది. ఆయన కారణాలు చెప్పలేదు. సజెస్ట్ ఎందుకలా, అడ్వైజ్ ఎందుకిలా అని సిద్ధాంతం కట్టలేదు. ఒక్కో మాటకీ అడిగి, చూసి, రాసిపెట్టారు. కారణం లేనిదానికి కారణం కల్పించి పిల్లల్ని తికమక పెట్టకుండా, జాబితా చేతికిచ్చారు.

యుద్ధం మధ్యలో అచ్చయిన పుస్తకం

1941 డిసెంబరులో జపాన్, బ్రిటన్ యుద్ధంలోకి దిగాయి. పదిహేడేళ్ళు పాఠాలు చెప్పిన దేశంలో హార్న్‌బీ ఒక్క రోజులో శత్రుదేశపు మనిషి అయిపోయారు. ఆయన్ని నిర్బంధంలో పెట్టారు. 1942లో విడిచిపెట్టి ఇంగ్లండ్ పంపించేశారు.

అదే 1942లో టోక్యోలో కైతకుషా అనే ప్రచురణ సంస్థ ఆయన డిక్షనరీని అచ్చువేసింది. పేరు ఇడియోమాటిక్ అండ్ సింటాక్టిక్ ఇంగ్లీష్ డిక్షనరీ. ఒకసారి ఆలోచించండి. ఆ దేశంలో ఇంగ్లీషు అప్పుడు శత్రువుల భాష. రాసినవాడు శత్రువు. అయినా పుస్తకం బయటికొచ్చింది. అచ్చుయంత్రం దగ్గర నిలబడి ఆ ఫారాలు చూసుకున్నవాళ్ళు ఏమనుకున్నారో గానీ, వాళ్ళు ఆ పని మధ్యలో ఆపేసి ఉంటే మన బీరువాలో ఈ పుస్తకం ఉండేది కాదు.

ఇంగ్లండ్ చేరిన హార్న్‌బీ బ్రిటిష్ కౌన్సిల్‌లో చేరారు. వాళ్ళు ఇరాన్ పంపిస్తే టెహ్రాన్‌లో ఇంగ్లీషు చెప్పారు. యుద్ధం అయ్యాక లండన్ వచ్చి 1946లో ఇంగ్లీష్ లాంగ్వేజ్ టీచింగ్ అనే పత్రిక మొదలుపెట్టారు. పరాయి దేశాల్లో ఇంగ్లీషు చెప్పే మాస్టార్ల కోసం పెట్టిన పత్రిక అది, ఇప్పటికీ వస్తోంది.

1948లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ ఆ జపాన్ డిక్షనరీని తీసుకుంది. మళ్ళీ అక్షరాలు పేర్చలేదు. టోక్యోలో అచ్చయిన పేజీలనే ఫోటో తీసి వేశారు. పేరు మాత్రం ఎ లర్నర్స్ డిక్షనరీ ఆఫ్ కరెంట్ ఇంగ్లీష్ అని మార్చారు. 1952లో ముందు అడ్వాన్స్‌డ్ అనే మాట చేరింది. 1963లో రెండో కూర్పు, 1974లో మూడోది. 2020లో పదోది వచ్చింది. మనమంతా ఇంగ్లండ్ నుంచి వచ్చిందనుకునే ఈ పుస్తకం నిజానికి జపాన్‌లో, జపాన్ పిల్లల తప్పుల్లోంచి పుట్టింది.

1954లో ఆయన ఆ 25 నమూనాలనీ వివరిస్తూ ఎ గైడ్ టు ప్యాటర్న్స్ అండ్ యూసేజ్ ఇన్ ఇంగ్లీష్ అని వేరే పుస్తకం రాశారు. ఆ కాలంలోనే మన వైపు కూడా ఈ గాలి వీచింది. మద్రాసు రాష్ట్రంలో 1950లలో బడి ఇంగ్లీషుని వాక్య నమూనాల మీద కట్టారు. 1958లో హైదరాబాదులో పెట్టిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్‌లో మాస్టార్లకి ఇలాంటి బోధనలో తర్ఫీదు ఇచ్చేవారు. మన అమ్మమ్మల, తాతయ్యల తరంలో బడికెళ్ళినవాళ్ళు కొందరు ఒకే రకం వాక్యాన్ని మాట మార్చి మార్చి క్లాసంతా గట్టిగా చెప్పిన సంగతి ఇప్పటికీ చెప్తారు.

లోపాలు కూడా

పొగడటమే అయితే ఇది సగం జీవితమే అవుతుంది. నంబర్ల పద్ధతి అందరికీ అచ్చిరాలేదు. ఒక మాట చూడాలంటే ముందు నంబరు చూసి, ఆ నంబరంటే ఏమిటో మళ్ళీ పుస్తకం మొదట్లో వెతుక్కోవాలి. అంత ఓపిక ఎంతమందికి ఉంటుంది? తర్వాతి కూర్పుల్లో నంబర్లు పోయాయి. ఇప్పుడు క్రియ పక్కనే 'టు డూ సంథింగ్' అని సూటిగా రాస్తున్నారు. గుర్తు మారింది గానీ, పక్కన ఏం రావాలో చెప్పి తీరాలన్న ఆయన ఆలోచన మారలేదు. ఇంకొకటి, నమూనాని వల్లె వేస్తే భాష రాదు. మాట్లాడే అవసరం లేకుండా వాక్యాలు అప్పజెప్పిన పిల్లలు బయట నోరు తెరవలేకపోయారన్న విమర్శ తర్వాత గట్టిగానే వచ్చింది. నాకైతే రెండూ నిజమే అనిపిస్తుంది. జాబితా ఉండాలి, మాట్లాడే మనుషులూ ఉండాలి.

డిక్షనరీ మీద డబ్బు బాగానే వచ్చింది. 1961లో ఆయన ఆ రాబడిలో పెద్ద భాగాన్ని ఒక ట్రస్టుకి మళ్ళించారు. వేరే దేశాల ఇంగ్లీషు టీచర్లు పై చదువు చదువుకోవడానికి ఆ డబ్బు ఖర్చు పెట్టాలన్నది ఏర్పాటు. ఆ ట్రస్టు పేరున స్కాలర్‌షిప్‌లు ఇప్పటికీ ఇస్తున్నారు. పిల్లల తప్పుల నుంచి వచ్చిన డబ్బు పిల్లలకి చెప్పేవాళ్ళ దగ్గరికే చేరిందన్న మాట. 1978 సెప్టెంబరులో, ఎనభయ్యో ఏట ఆయన పోయారు.

మన సంగతి

ఇంగ్లీషు డిక్షనరీ చేసిన ఆయన గురించి తెలుగు గోడపత్రికలో ఎందుకు అని అడగొచ్చు. అందుకే ఈ చివరి మాట.

మా ఇంట్లో నానమ్మతో తెలుగు, నాన్నతో తమిళం. తమిళంలో 'పడిక్క ఆరంబిచ్చేన్' అంటాం, అక్కడ ఆరంభించడం ముందు తుమున్నర్థకమే వస్తుంది. అందుకని నేను చిన్నప్పటి నుంచీ 'చదివేదానికి ఆరంభించినాను' అంటాను. ఇక్కడ ఒకసారి తెలుగు క్లాసులో అలాగే అంటే అప్పుడూ నవ్వారు. 'చదవడం మొదలుపెట్టాను' అనాలట. అంటే తెలుగు క్రియలకి కూడా తమ తమ ఇష్టాలున్నాయి. 'తాళం వెయ్యడం మర్చిపోయాను' అంటే తాళం పడలేదు. 'తాళం వేసింది మర్చిపోయాను' అంటే తాళం పడింది, నాకే గుర్తు లేదు. ఇంట్లో తెలుగు ఒకటే ఉన్నవాళ్ళకి ఇది చెప్పనక్కర లేదు. నాలా రెండు భాషల మధ్య పెరిగినవాళ్ళకి, కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఎవరో ఒకరు చెప్పాలి. మనకీ ఒక ఓయితా మాస్టారు కావాలి. ఎవరో వచ్చేదాకా ఆగడం దేనికి?

ఈ గోడపత్రిక కింద మేకుకి ఒక నోట్‌బుక్ దారంతో కట్టి వేలాడదీశాను, పెన్సిలు కూడా ఉంది. మీ నోట ఏ తెలుగు క్రియ దగ్గర తడబాటు వచ్చిందో, ఎవరైనా ఎక్కడ నవ్వారో, ఆ వాక్యం అందులో రాయండి. పేరు రాయనక్కర లేదు. మొదటి పేజీలో నాదే ఉంది. నెలాఖరులో మేడమ్‌ల దగ్గర కూర్చుని ఒక్కొక్కటీ సరిచూద్దాం. కారణం దొరికితే రాద్దాం, దొరకకపోతే హార్న్‌బీలా జాబితా రాసి పెడదాం.